సోలార్ డాబా మీద పెట్టించాలా, ఉమ్మడి ప్లాంట్‌లో వాటా తీసుకోవాలా?

ప్రశ్న: సొంత ఇల్లు. డాబా సుమారు 900 చదరపు అడుగులు. నెలకు 350 యూనిట్ల దాకా కాలుతుంది. పడమటి పక్కన మా ఇంటికంటే రెండంతస్తులు ఎత్తుగా కొత్త భవనం లేచింది. డాబా మీద మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు ఉన్నాయి. వానలకు స్లాబు ఒక మూల చెమ్మ పడుతుంది. సోలార్ పెట్టేవాళ్లు 5 కిలోవాట్లు పెట్టుకోమంటున్నారు. ఇంకో కంపెనీవాళ్లేమో "డాబా జోలికే వెళ్లకండి, మా ఉమ్మడి సోలార్ ప్లాంట్‌లో 3 కిలోవాట్ల వాటా తీసుకోండి, 25 ఏళ్లు బిల్లు తగ్గుతుంది, తుడిచే పని కూడా ఉండదు" అంటున్నారు. సాయంత్రాలు తరచుగా కరెంటు పోతుంది, అప్పుడు పనికొస్తుందా? ఆరేడేళ్లలో ఈ ఇల్లు అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్లే ఆలోచన కూడా ఉంది. ఏది మేలు?

జవాబు: ముందు ఆ 5 కిలోవాట్ల సంగతి తేల్చేద్దాం. మీకు అంత అక్కర్లేదు. ఎండ బాగా కాసే చోట, నీడ పడకపోతే, ఒక కిలోవాటు సోలార్ ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు 120 అన్నమాట. 3 కిలోవాట్లకే 360 యూనిట్లు వస్తాయి, మీ వాడకానికి సరిపోతుంది. మబ్బు ఎక్కువగా పట్టే చోట్ల, భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న చోట్ల ఈ సగటు రెండున్నర, మూడు యూనిట్లకు పడిపోతుంది. అక్కడ 4 కిలోవాట్లో, ఆ పైనో కావాలి. మీ చోటి లెక్క ప్రపంచ బ్యాంకు గ్లోబల్ సోలార్ అట్లాస్‌లో ఉచితంగా దొరుకుతుంది. మ్యాపులో మీ ఇంటి దగ్గర నొక్కితే, ఒక కిలోవాటుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో చూపిస్తుంది. దాన్ని 12తో భాగిస్తే కిలోవాటుకు నెల లెక్క వస్తుంది, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డాబా మీద పెట్టేవాళ్లు చెప్పే అంకెనైనా, ప్లాంట్‌వాళ్లు చెప్పే అంకెనైనా దీని పక్కన పెట్టి చూడాలి.

ఎక్కువ పెట్టుకుంటే నష్టమేముంది, మిగిలింది అమ్ముకోవచ్చు కదా అని మీకు చెప్పే ఉంటారు. అది మీ కరెంటు సంస్థ లెక్క కట్టే పద్ధతిని బట్టి ఉంటుంది. నెట్ మీటరింగ్ అయితే పగలు మీరు లైనుకు పంపిన ప్రతి యూనిట్‌కూ రాత్రి ఒక యూనిట్ వాడుకోవచ్చు. నెట్ బిల్లింగ్ అయితే మీరు పంపినదానికి తక్కువ రేటు కట్టి, మీరు తీసుకున్నదానికి మామూలు రేటు వేస్తారు. బ్యాటరీ లేని ఇంట్లో పగటి ఉత్పత్తిలో అటూ ఇటుగా మూడో వంతే అప్పటికప్పుడు వాడకంలోకి వస్తుంది, మిగతాది లైనులోకి పోతుంది. 3 కిలోవాట్లు నెలకు 360 ఇస్తే, 120 మీరు వాడుకుని 240 పంపుతారనుకుందాం. పంపినదానికి సగం రేటే ఇస్తే మీకు దక్కేది 240 యూనిట్ల విలువ. అదే 5 కిలోవాట్లు పెడితే 600 వస్తాయి, ఇంట్లో వాడకం మహా అయితే 130 అవుతుంది, మిగిలిన 470కి సగం రేటు, మొత్తం 365 యూనిట్ల విలువ. అంటే అదనంగా పెట్టిన 2 కిలోవాట్లు 240 యూనిట్లు తయారు చేసి 125 యూనిట్ల విలువే తెస్తాయి. నెట్ మీటరింగ్ ఉన్నా, మీ వాడకాన్ని మించి పేరుకున్న యూనిట్లను చాలాచోట్ల ఏడాది చివర తక్కువ రేటుకు తీసుకుంటారు, లేదా రద్దు చేస్తారు. కాబట్టి మొదట కరెంటు ఆఫీసులో అడగాల్సింది ఇదే: నాకు ఏ పద్ధతి వర్తిస్తుంది, మిగులు యూనిట్లను ఎప్పుడు, ఏ రేటుకు సర్దుతారు?

ఇక నీడ. మీ విషయంలో తీర్పు చెప్పేది ఇదే.

రోజంతా వచ్చే ఉత్పత్తిలో సుమారు 70 శాతం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపే వస్తుంది. పక్క భవనం నీడ 3 దాటాక మీ ప్యానెళ్ల మీదికి వస్తే పోయేది 15 శాతం లోపే, దానికి భయపడక్కర్లేదు. అదే నీడ ఒంటిగంటకే వచ్చేస్తే మూడో వంతుకు పైగా పోతుంది, అప్పుడు డాబా గురించి ఆలోచించడం మానేయాల్సిందే. ఈ రెంటి మధ్య ఎక్కడున్నారో ఎవరినీ అడగకుండా మీరే చూసుకోవచ్చు. సూర్యుడు బాగా కిందుగా పోయే రోజుల్లో, అంటే భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు డిసెంబరులో, దక్షిణాన ఉన్నవాళ్లు జూన్‌లో, ఒక ఎండ రోజు చూసి 9, 11, 1, 3 గంటలకు డాబా ఎక్కండి. పక్క భవనం, మెట్ల గది, ట్యాంకు, పిట్టగోడ నీడలు ఎక్కడిదాకా వచ్చాయో సుద్దముక్కతో గీతలు గీసి, పక్కనే టైము రాయండి. నాలుగుసార్లూ ఏ గీత లోపలికీ రాని నేల ఎంతుందో కొలవండి. ప్యానెళ్ల మధ్య నడిచే దారితో కలిపి కిలోవాటుకు 100 చదరపు అడుగులు కావాలి. మీకు కావాల్సింది 300. మీ 900లో అది దొరకడం కష్టం కాకపోవచ్చు, కానీ ఒక్క ముక్కగా దొరకాలి.

ఆ నెల దాకా ఆగలేకపోతే లెక్క కట్టొచ్చు. శీతకాలం నడిమధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు డిగ్రీల్లో కావాలంటే 90 నుంచి మీ అక్షాంశం తీసేసి, ఇంకో 23.4 తీసేయండి. ఆ ఎత్తు 45 డిగ్రీలైతే గోడ ఎంత ఎత్తో నీడా అంతే పొడవు. 30 డిగ్రీలకు దిగితే నీడ గోడ ఎత్తుకు ఒకటి ముప్పావు రెట్లు అవుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా సాగుతుంది. ఉత్తరార్ధగోళంలో మెట్ల గది నీడ ఉత్తరానికే పడుతుంది కాబట్టి ప్యానెళ్లు దానికి దక్షిణాన ఉండాలి. పడమర భవనం ఉంది కనక మీరు తూర్పు పక్కకు జరిపి పెట్టించుకోవాలి. వాలు మీ అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. ఎక్కడైనా సరే 10 డిగ్రీల కంటే తగ్గించొద్దు. అంతకంటే చదునుగా పెడితే వాన నీళ్లు కింది అంచున నిలిచి, ఎండాక మట్టి చారగా మిగిలిపోతుంది.

పెద్ద నీడల్ని అందరూ చూస్తారు. నష్టం చేసేవి చిన్నవి. ట్యాంకు పైపు, డిష్ యాంటెన్నా, బట్టల తీగె గుంజ. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా కలిసి ఉంటాయి. మధ్యలో కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు సాధారణంగా మూడు పెడతారు. ఒక్క సెల్ మీద దట్టమైన నీడ పడితే ఆ డయోడ్ పరిధిలో ఉన్న మూడో వంతు ప్యానెల్‌ను అది పక్కన పెట్టేస్తుంది. డయోడ్ లేకపోతే మిగతా సెల్స్ తోసే కరెంటు ఆ నీడ పడిన సెల్‌లో వేడిగా మారి దాన్ని కాల్చేస్తుంది. ఒక ప్యానెల్ మీద నీడ పడితే మొత్తం సిస్టమ్ ఆగిపోతుందని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. అలాగని అర చేతి మందం పైపు నీడకు అర చేతి మందమే నష్టమనుకోవడమూ తప్పే. పైపు ప్యానెల్‌కు ఆనుకుని ఉంటే నీడ గాఢంగా పడుతుంది, దూరంగా ఉంటే పలచబడుతుంది. కాబట్టి పైపులూ యాంటెన్నా ముందు జరిపించి, తర్వాతే ప్యానెళ్లు ఎక్కించండి. రెండు మూడు ప్యానెళ్లకు ఏదో ఒక పూట నీడ తప్పదంటే, అన్నింటికీ కలిపి ఒకే ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) కాకుండా ప్యానెల్‌కొక మైక్రో ఇన్వర్టర్ గానీ, ప్రతి ప్యానెల్‌నూ విడిగా సర్దే ఆప్టిమైజర్ గానీ అడగండి. నీడ లేని డాబాకు మాత్రం అది వృథా ఖర్చు, పైగా ఎండలో ఉండే ఎలక్ట్రానిక్ పెట్టెలు పెరిగితే చెడిపోయేవీ పెరుగుతాయి.

చెమ్మ పడుతున్న మూల సంగతి ప్యానెళ్లు ఎక్కించాక చూద్దామనుకోవద్దు. ప్యానెళ్లు 25 ఏళ్లు ఉంటాయి. ఒకసారి బిగించాక కింద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే అన్నీ విప్పి మళ్లీ బిగించాలి. విప్పడంలో సెల్స్‌కు కంటికి కనపడని పగుళ్లు రావచ్చు, వారంటీకీ పేచీ రావచ్చు. ముందు స్లాబు బాగుచేయించండి. ఒక వానాకాలం గడిచి, చెమ్మ లేదని తేలాక పని మొదలుపెట్టండి. ఆ కొన్ని నెలల బిల్లు పోయినా ఫరవాలేదు.

మా స్లాబు బరువు మోస్తుందా అని చాలామంది అడుగుతారు. అడగాల్సింది గాలి గురించి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, 28 కిలోల బరువు ఉంటుంది. మీకు కావాల్సిన ఆరూ కలిపి 170 కిలోలు. డాబా మీద ఇద్దరు మనుషులు ఎక్కువ నిలబడినట్టే, గట్టి స్లాబుకు అదొక లెక్క కాదు. కానీ గంటకు 144 కిలోమీటర్ల గాలి వీస్తే చదరపు మీటరుకు దాదాపు 98 కిలోల ఒత్తిడి పడుతుంది. ప్యానెల్ వైశాల్యం 2.6 చదరపు మీటర్లు. అంటే 28 కిలోల ప్యానెల్‌ను గాలి 250 కిలోల దాకా బలంతో ఎత్తొచ్చు. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గుతుంది, అప్పుడు కూడా అది ప్యానెల్ బరువుకు రెట్టింపు పైనే. కాబట్టి స్టాండు కాళ్ల కింద ఊరికే సిమెంటు దిమ్మెలు పేర్చి వెళ్లిపోతే ఒప్పుకోకండి. పైపూత చెక్కి, స్లాబు కాంక్రీటుకే అతుక్కునేలా దిమ్మె పోయాలి, లేదా రసాయన జిగురుతో కాంక్రీటులో పట్టుకునే బోల్టులు (కెమికల్ యాంకర్) దింపి చుట్టూ సీల్ చేయాలి. ప్యానెళ్ల కింద తిరగడానికి వీలుగా ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండు కావాలంటే ఇంజనీరు చేత గాలి లెక్క కట్టించి, సంతకం తీసుకోండి. స్టాండుకు కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన (హాట్ డిప్ గాల్వనైజ్డ్) ఇనుము వాడాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలి. డాబా మీద వెల్డింగ్ చేయనివ్వొద్దు. వెల్డింగ్ వేడికి జింకు పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది, పైన వేసిన వెండి రంగు దాన్ని రెండేళ్లకు మించి దాచలేదు.

మీరు అడిగిన మరో మాట, కరెంటు పోయినప్పుడు సంగతి. ఇక్కడ రెండూ సమానమే, రెండూ పనికిరావు. లైనుకు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైనులో కరెంటు పోయిన 2 సెకన్లలోపు తానూ ఆగిపోవాలి. లైను మీద మరమ్మతు చేసే మనిషికి మీ డాబా నుంచి వచ్చే కరెంటు తగలకూడదని పెట్టిన నియమం అది. నడి మధ్యాహ్నం మండుటెండలో కూడా ఆగిపోతుంది. ఉమ్మడి ప్లాంట్ ఎక్కడో దూరాన ఉంటుంది, దాని కరెంటు మీకు బిల్లులో తగ్గిన యూనిట్లుగానే చేరుతుంది కాబట్టి దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. వెలుతురు కావాలంటే బ్యాటరీ ఉండాలి. మూడు పాత ఫ్యాన్లకు 225 వాట్లు, ఆరు ఎల్ఈడీ లైట్లకు 60, టీవీకి 80, ఫ్రిజ్ సగటున 60, రూటర్ 10, మొత్తం 435 వాట్లు. నాలుగు గంటలకు ఒకటి ముప్పావు యూనిట్లు. లిథియం బ్యాటరీని పూర్తిగా దించరు కాబట్టి రెండు, రెండున్నర యూనిట్ల బ్యాటరీ చాలు. దానికి ప్యానెళ్లనూ, బ్యాటరీనీ, లైనునూ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కరెంటు కోత గంటా గంటన్నరకు మించకపోతే ఇవేవీ వద్దు, ఇంట్లో వాడే మామూలు బ్యాటరీ ఇన్వర్టర్ చాలా తక్కువ ఖర్చులో ఆ పని చేస్తుంది. సోలార్‌ను బిల్లు కోసం, బ్యాటరీని కోత కోసం విడివిడిగా ఆలోచిస్తే డబ్బు ఆదా అవుతుంది.

ఇప్పుడు ఉమ్మడి ప్లాంట్. దాని మీద చిన్నచూపు అక్కర్లేదు. నేల మీద కట్టే ప్లాంట్‌లో నీడ ఉండదు, కింద గాలి ఆడుతుంది, తుడిచే మనుషులు ఉంటారు. సూర్యుడితోపాటు తిరిగే ట్రాకర్లు పెడితే ఎండ బాగా ఉండే చోట అదే కిలోవాటు 15 నుంచి 20 శాతం ఎక్కువ ఇస్తుంది. ప్యానెళ్లకు వేడి గిట్టదు. సెల్ వేడి 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. డాబా మీద సెల్ వేడి 60 దాటితే 12 శాతం దాకా పోయినట్టే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు, అద్దె ఇళ్లవాళ్లకు, రోజంతా నీడలో ఉండే డాబాలకు ఉమ్మడి ప్లాంట్ నిజంగా మంచి దారి. సాంకేతికంగా దానికి వంక పెట్టలేం. డాబా సోలార్‌లో లోపాలు నీడలోనో బోల్టుల్లోనో ఉంటాయి, కంటికి కనపడతాయి. వాటాలో లోపాలు ఒప్పందం కాగితంలో ఉంటాయి. అందుకే అది చదవకుండా పైసా ఇవ్వొద్దంటున్నాం.

వాటా రెండు రకాలు. ఒకటి, ముందే మొత్తం కట్టి కొన్ని కిలోవాట్లు కొనుక్కోవడం. రెండోది, చందా. ప్లాంట్ నుంచి మీ పేరిట జమ పడిన యూనిట్లకు మామూలు రేటు కంటే కాస్త తక్కువ కడతారు, ముందు పెట్టుబడి ఉండదు. మీకు చెప్పినది ఏదో ఉత్తరంలో లేదు. రెండింటిలోనూ యూనిట్లు మీ బిల్లులో జమ కావాలంటే మీ ప్రాంతంలో వర్చువల్ నెట్ మీటరింగ్ లాంటి నిబంధన అమల్లో ఉండాలి, ప్లాంటూ మీ ఇల్లూ సాధారణంగా ఒకే కరెంటు సంస్థ పరిధిలో ఉండాలి. ఇది కంపెనీవాళ్ల నోటి మాటగా కాక, కరెంటు ఆఫీసులోనే అడిగి నిర్ధారించుకోండి. ఆ నిబంధన లేని చోట "వాటా" అనేది ఉత్త పెట్టుబడి పథకమే. దాన్ని సోలార్‌గా కాక అప్పు ఇచ్చినట్టుగా చూడాలి.

ఒప్పందంలో మొట్టమొదట చూడాల్సింది, మీకు ఇస్తామన్నది కిలోవాట్లా, యూనిట్లా అని. కిలోవాట్లు అని మాత్రమే రాస్తే ఉత్పత్తి తగ్గిన నష్టం మీది. ఏడాదికి ఇన్ని యూనిట్లకు తగ్గవు, తగ్గితే ఈ లెక్కన భర్తీ అని రాయించుకోవాలి. ప్యానెళ్లు ఏటా అర శాతం చొప్పున బలం తగ్గుతాయి, ఆ తగ్గుదల అందులో కలిపారో లేదో చూడండి. లైను చెడిపోయో, కరెంటు సంస్థ వద్దన్నందుకో ప్లాంట్ ఆగిన రోజుల నష్టం ఎవరిదో కూడా ఉండాలి. చాలా ఒప్పందాల్లో ఆ ఒక్క వాక్యం చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో, నష్టం చందాదారుడిదే అన్నట్టుగా ఉంటుంది.

రెండోది, జమ విలువ. ప్లాంట్ నుంచి వచ్చిన ఒక యూనిట్‌కు మీ బిల్లులో పూర్తి యూనిట్ తగ్గిస్తారా, లైను చార్జీలు కోసుకుని ముప్పావు యూనిట్ తగ్గిస్తారా? డాబా మీద తయారై ఇంట్లోనే వాడుకున్న యూనిట్‌కు ఏ కోతా ఉండదు, అది పూర్తిగా మీదే. వాటాలో ఆ సౌలభ్యం లేదు, ప్రతి యూనిట్ లైను దాటే వస్తుంది. పైగా ఈ జమ విలువను నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ అధికారులు, ప్లాంట్ కంపెనీ కాదు. రేపు వాళ్లు విలువ తగ్గిస్తే మీ చందా కూడా తగ్గుతుందా అని అడగండి. మీటరు కనెక్షన్ మీద ఉన్న స్థిర చార్జీలు రెండు పద్ధతుల్లోనూ కట్టాల్సిందే. బిల్లు సున్నా అవుతుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

మూడోది ఏటా పెరిగే రేటు. ఇది నెమ్మదిగా కొరికేది కాబట్టి లెక్క వేసి చూపిస్తాం. మామూలు రేటు 100 అనుకుంటే, 10 శాతం తగ్గింపుతో మీరు 90 కడుతున్నారు. ఒప్పందంలో ఏటా 3 శాతం పెంపు రాసుంది. కరెంటు సంస్థ రేటు ఏటా 1 శాతమే పెరిగిందనుకోండి. ఆరేళ్లు తిరక్కముందే రెండూ సమానమవుతాయి. పదేళ్లకు మీరు కట్టేది 121, మామూలు రేటు 110న్నర. మిగతా పదిహేనేళ్లు మీరు సోలార్ పేరుతో ఎక్కువ కడుతూ పోతారు. పెంపు లేని ఒప్పందం అడగండి. లేదంటే "కరెంటు సంస్థ రేటు మీద ఎప్పుడూ ఇంత శాతం తక్కువ" అనే పద్ధతి అడగండి, అది మీకు క్షేమం.

వాటా ఎక్కువ తీసుకోవడం ఇంకో గుంట. జమ యూనిట్లు మీ వాడకాన్ని మించితే చాలాచోట్ల ఏడాది చివర రద్దవుతాయి, చందా మాత్రం కట్టాల్సి ఉంటుంది. నిరుటి పన్నెండు నెలల బిల్లులు కూడి, అందులో 80, 90 శాతానికే తీసుకోండి. మొదటి జమ పడడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది, అప్పటిదాకా పాత బిల్లు వస్తూనే ఉంటుంది, కంగారు పడొద్దు. చందా బిల్లు, కరెంటు బిల్లు వేరువేరుగా వస్తే రెండిటిలో యూనిట్లూ ప్రతి నెలా సరిపోల్చాలి. తప్పులు జరిగేది ఎక్కువగా ఆ అతుకులోనే.

ఇంకా కట్టని ప్లాంట్‌కు ముందే డబ్బు కట్టొద్దు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా పట్టుకునే ఉండండి. ప్యానెళ్లు బిగించి ఉన్నా లైనుకు కలిపే అనుమతి రాక నెలల తరబడి ఖాళీగా ఉండే ప్లాంట్లు ఉంటాయి. భూమి లీజు ఎన్నేళ్లు, లైను అనుసంధాన ఒప్పందం అయిందా, బీమా ఉందా, కంపెనీ దివాలా తీస్తే మీ వాటా ఎవరి చేతిలో ఉంటుంది, ఈ నాలుగు కాగితాలూ చూపించలేనివాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇల్లు అమ్మే ఆలోచన మీ నిర్ణయాన్ని చాలా మారుస్తుంది. డాబా సోలార్ ఇంటితోపాటే ఉండిపోతుంది, విప్పి తీసుకెళ్లడం దండగ. ఖర్చును, ఏడాదికి బిల్లులో మిగిలే మొత్తంతో భాగించండి. అయిదేళ్లలోపు తిరిగొచ్చేలా ఉంటే ఆరేడేళ్లకు అమ్మినా మీకు నష్టం లేదు. పని చేస్తున్న సిస్టమ్, నెట్ మీటర్ ఒప్పందం కొనేవాళ్ల పేరుకు మారితే ఇంటి ధరకు కాస్త బలమే. ఎనిమిది, పదేళ్లు పట్టేలా ఉంటే మాత్రం ఫలం మీ తర్వాతివాళ్లు అనుభవిస్తారు. వాటాలో అయితే, 25 ఏళ్లకు ముందే మొత్తం కట్టి కొనడం మీ పరిస్థితికి అస్సలు నప్పదు. పిల్లలుండే చోటు వేరే కరెంటు సంస్థ పరిధి అయితే ఆ వాటా అక్కడికి రాదు, ఇక్కడ కొనేవాడు దొరికేదాకా మోయాలి. చందా పద్ధతి అయి, రెండు మూడు నెలల ముందు చెప్పి జరిమానా లేకుండా మానుకునే వీలుంటే అది మీకు బాగా నప్పుతుంది.

కాబట్టి మా సలహా ఇది. సుద్దగీతల పరీక్షలో 3 గంటల దాకా నీడ పడని 300 చదరపు అడుగులు తేలి, తిరిగొచ్చే కాలం అయిదేళ్లకు అటూ ఇటూ ఉంటే, స్లాబు బాగుచేయించి డాబా మీద 3 కిలోవాట్లే పెట్టించండి. మీ దగ్గర నెట్ బిల్లింగ్ ఉంటే 2 కిలోవాట్లతో ఆపండి. నీడ పరీక్ష, తిరిగొచ్చే కాలం, ఈ రెంటిలో ఏ ఒక్కటి తప్పినా చందా పద్ధతిలో వాటా తీసుకోండి, ముందు పెట్టుబడి అడిగితే మానేయండి. కొంత డాబా, కొంత వాటా అన్న పద్ధతి ఒకే మీటరు మీద చాలాచోట్ల కుదరదు. కుదిరినా నెలకు 350 యూనిట్ల ఇంటికి ఆ తలనొప్పి అక్కర్లేదు.

డాబా వైపు మొగ్గితే, కొటేషన్‌లో రాయించాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్యానెళ్లకు ఐఈసీ 61215, ఐఈసీ 61730 (అంతర్జాతీయ నాణ్యత, భద్రత ప్రమాణాలు) ధ్రువపత్రాలు, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు, వారంటీ మీ పేరిట ఉండాలి. 25 ఏళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో చెప్పేది ఉత్పత్తి తగ్గుదల గురించి. వస్తువు పాడైతే మార్చే వారంటీ వేరు, అది 10 ఏళ్లా 15 ఏళ్లా అడగండి. ఇన్వర్టర్ 10, 15 ఏళ్లకు ఒకసారి మార్చాల్సి వస్తుంది, ఖర్చు లెక్కలో అది కూడా కలపండి. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా ఎండకు తట్టుకునే 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్, పైపులో దింపి, నీళ్లు నిలవని చోటు నుంచి తేవాలి. ప్యానెళ్ల తీగెలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు ఎదురెదురుగా కలిసేవి రెండూ ఒకే కంపెనీవి ఉండాలి. చూడ్డానికి వేరే కంపెనీవి కూడా పట్టేస్తాయి, కానీ లోపల పట్టు సరిగా ఉండక వేడెక్కి, కరిగి, మంటలకు దారితీస్తాయి. సోలార్ మంటలు మొదలయ్యే చోట్లలో ఇదొకటి. ప్యానెళ్ల కరెంటును ఆపే స్విచ్ (డీసీ ఐసొలేటర్), ఇన్వర్టర్‌కు రెండు వైపులా వోల్టేజీ పోటుల నుంచి రక్షణ (సర్జ్ ప్రొటెక్షన్), ఎర్తింగ్ 5 ఓంల లోపు కొలిచి చూపించడం కూడా రాయించండి. ఇన్వర్టర్‌ను డాబా మీద ఎండలో కాకుండా మెట్ల గదిలో గాలి ఆడే గోడకు పెట్టించండి.

బిగించిన రోజున ఒక కొలత మీ కళ్ల ముందు తీయించండి. ప్యానెళ్ల వరస ఇన్వర్టర్‌కు కలపకముందు డీసీ వోల్టేజీ. 540 వాట్ల ప్యానెల్‌కు 25 డిగ్రీల దగ్గర 49, 50 వోల్టులు ఉంటాయి, ఆరింటికి 297. ఎండలో వేడెక్కితే 270 దాకా దిగుతుంది. 225 చూపిస్తే ఒక ప్యానెల్ వరసలో లేదని అర్థం. కొత్త నెట్ మీటర్ బిగించేదాకా సిస్టమ్ ఆన్ చేయనివ్వొద్దు. చాలా పాత డిజిటల్ మీటర్లు బయటికి పోయే కరెంటును కూడా వాడకంగానే లెక్కేస్తాయి, పంపిన యూనిట్లకు మీరే బిల్లు కట్టాల్సి వస్తుంది.

తర్వాత నడిపేటప్పుడు రెండు లోపాలు ఎక్కువగా వస్తాయి. మొదటిది, లైను చివర ఉన్న ఇళ్లలో ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లోనే ఇన్వర్టర్ ఆగి ఆగి నడుస్తుంది. 230 వోల్టుల లైనులో చుట్టుపక్కల సోలార్ ఇళ్లన్నీ ఒకేసారి కరెంటు తోస్తే వోల్టేజీ 253 దాటుతుంది, ఇన్వర్టర్ పక్కకు తప్పుకుంటుంది. ప్యానెళ్లు మార్చడం దానికి మందు కాదు. ఇన్వర్టర్ యాప్‌లో ఆ సమయాల వోల్టేజీ రికార్డు తీసి కరెంటు సంస్థకు ఫిర్యాదు ఇవ్వాలి. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా తీగె సన్నగా ఉంటే దాన్ని మార్చాలి. రెండోది దుమ్ము, పిట్టల రెట్టలు. రెండు మూడు వారాలకొకసారి తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు మెత్తటి బ్రష్షుతో మంచినీళ్లు పోసి కడగండి. మండే మధ్యాహ్నం చల్లటి నీళ్లు కొడితే అద్దం పగిలే ప్రమాదం ఉంది. ఉప్పునీళ్లు వాడితే తెల్లటి మరకలు కట్టి, అవి దుమ్ముకంటే మొండిగా మిగిలిపోతాయి. ప్యానెల్ మీద కాలు మాత్రం పెట్టొద్దు.

ప్రతి నెలా మొదటి తేదీన యాప్‌లోని ఉత్పత్తి అంకెను, మొదట్లో రాసిపెట్టుకున్న అట్లాస్ లెక్కను మీ కిలోవాట్లతో గుణించి, దాని పక్కన రాయండి. అట్లాస్‌లో ఏడాది అంకెతోపాటు నెలవారీ సగటులు కూడా దొరుకుతాయి, పోలిక వాటితో పెట్టండి. ఒక నెల తక్కువ వస్తే మబ్బు కావచ్చు. వరసగా రెండు నెలలు 15 శాతం పైన తక్కువ వస్తే పెట్టినవాళ్లను పిలిపించి, ప్యానెళ్ల వరస వోల్టేజీని బిగించిన రోజు రాసుకున్న కొలతతో పోల్చి చూపించమనండి.